తవిటయ్య షోకేసు

పిల్లలకు బొమ్మలు చేసిపెట్టే మొగుడు దొరకడం పూర్వజన్మ సుకృతం! నమ్మరా? అయితే విశాఖపట్నం పోర్టు క్వార్టర్సులో కాపురమున్న తాయారు సంగతి వినండి.

తాయారు మొగుడు తవిటయ్య పోర్టులో గుమస్తా. ఎనభై మూడులో ఒక ఆదివారం ఏటికొప్పాక వెళ్లి, లక్కబొమ్మలు చేసేవాళ్లను నోరు తెరుచుకుని చూశాడు. సాయంత్రానికి ఉలి, సుత్తి, రంపం చంకన పెట్టుకుని ఇల్లు చేరాడు.

"మన సీతాలికి బొమ్మలన్నీ నానే సేత్తాను!"

సీతాలు వాళ్ల ఆరేళ్ల కూతురు. ఇంతకంటే ఏ ఇల్లాలికైనా ఏం కావాలి చెప్పండి?

మొదటి వారం సాంబారులో రంపపు పొట్టు తేలింది. తేలనివ్వండి, పీచు ఒంటికి మంచిదే కదా! రెండో వారం కర్ర చాలక తాయారు కూర్చునే పీట బొమ్మ ఓడయింది. కటిక నేల మీద కూర్చుంటే నడుము గట్టిపడదూ? అప్పడాల కర్ర రైలింజనుకు పొగగొట్టమైంది. పక్కింటి గురువమ్మ ముందుచూపున్న మనిషి, తన రోకలిని బీరువాలో పెట్టి తాళం వేసుకుంది.

ఒక మధ్యాహ్నం తాయారు నడుం వాల్చబోయి మంచం మీంచి దొర్లిపడింది. చూస్తే నాలుగో కోడు లేదు!

"నా మంచం కోడేది మావా?"

"అదిగో, గుర్రమైపోనాది సూడు! ఎంత రాజసంగుందో!"

గుర్రం నిజంగానే రాజసంగా ఉంది. తాయారు ఆ రోజు నుంచి చాప మీదే పడుకునేది. హాబీ అన్నాక ఇంటిల్లిపాదికీ భాగం ఉండాలి కదా!

వానాకాలం వచ్చేసరికి ఇరవై ఏడు బొమ్మలు తయారయ్యాయి. వాటికోసం తవిటయ్య ఊళ్లోని పాత టౌనుకు వెళ్లి, వడ్రంగి ఇద్రీస్‌తో అద్దాల షోకేసు చేయించాడు. తాళం బిగిస్తూ ఇద్రీస్‌కు సందేహం వచ్చింది.

"పిల్లల బొమ్మలన్నావు గదా బావా, తాలమెందుకు?"

"తాలం లేకపోతే పిల్లలు ముట్టీసుకోరేటి!"

ఎంత దూరదృష్టి! క్వార్టర్సు పిల్లలంతా వచ్చి అద్దానికి ముక్కులు ఆనించి చూసేవారు. వాళ్లు వెళ్లాక తవిటయ్య ఆ ముక్కుల మరకలు తుడిచేవాడు.

"ఓడని ఓపాలి నీళ్లల్లో ఒగ్గు నాన్నా," అంది సీతాలు.

"రంగు పోద్దమ్మా."

"పోనీ గుర్రం?"

"తోక ఊడిపోద్ది."

సీతాలు మరి అడగలేదు. చూశారా, పిల్లలకు క్రమశిక్షణ ఎంత తేలిగ్గా అబ్బుతుందో!

ఒక ఆదివారం వాన వెలిసింది. తవిటయ్య ఏనుగు బొమ్మకు మెరుగు పెడుతుంటే పెరట్లోంచి కేకలు వినిపించాయి. వెళ్లి చూశాడు. తన సుత్తితోనే సీతాలు ఓ పారేసిన చెక్కకు రెండు మేకులు వంకరగా కొట్టింది. క్వార్టర్సు పిల్లలంతా దాన్ని బురదలో తోస్తున్నారు.

"ఏటే అది?"

"బస్సు నాన్నా! గాజువాక ఎల్తంది!"

"సక్రాలేవి?"

"పంచరయిపోనాది. అందుకే తోత్తన్నాం!"

కళాకారుడి గుండె చివుక్కుమంది. తవిటయ్య లోపలికి పరిగెత్తి, షోకేసు తాళం తీసి, గుర్రాన్ని రెండు చేతులా ఎత్తుకొచ్చాడు.

"ఇదిగో, దీంతో ఆడుకోండి!"

పిల్లలు ఆగి చూశారు. ఎవరూ చెయ్యి చాపలేదు.

"ఒద్దు నాన్నా," అంది సీతాలు. "దాంతో ఆడాలంటే బయమేత్తాది."

బస్సు మళ్లీ కదిలింది. తవిటయ్య గుర్రంతో వెనక్కి తిరిగాడు. గుమ్మంలో తాయారు నిలబడి ఉంది. ఆమె వైపు చూసే ధైర్యం అతనికి లేకపోయింది.

గుర్రాన్ని గట్టు మీద పెట్టాడు. లుంగీ ఎగ్గట్టాడు.

"నానొక సెయ్యి ఎయ్యనా?"

"ఎనక్కెల్లి తొయ్యి," అంది సీతాలు.

ఆ సాయంత్రం పోర్టు గుమస్తా మోకాళ్ల మీద బురదలో పాకుతూ, రెండు మేకుల చెక్కను గాజువాక దాకా తోశాడు. దారి పొడుగునా హారను కూడా ఆయన నోరే!