తొమ్మిది దాటినా తీయని కార్డు

ఆ గురువారం ఆర్డిస్ టోలెఫ్సన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి నర్సు వచ్చేలోగా స్నానం చేసి, జుట్టు దువ్వుకుని, లెమన్ బార్లనే నిమ్మకాయ మిఠాయి ముక్కలు పళ్ళెంలో సర్ది, కాఫీ పెట్టి కూర్చోవాలి. ఈవిడకు ఎవరి సాయమూ అక్కర్లేదని నర్సుకు తనంతట తనకే అనిపించాలి. మిన్నెసోటా మంచు రోడ్ల మీద ముప్ఫై ఏళ్ళు బడి బస్సు నడిపి, ఒక్కనాడూ స్టీరింగు మరొకరి చేతికివ్వని మనిషికి ఇదొక లెక్క కాదు.

లిండెన్ హౌస్ వృద్ధాశ్రమంలో ఉండే పెద్దవాళ్ళలో ఎవరు తమంతట తాము స్నానం చేయగలరో, ఎవరికి మనిషి తోడు కావాలో తేల్చడానికే నర్సు వస్తోంది. మనిషి తోడంటే ఏమిటో ఆర్డిస్ కళ్ళారా చూసింది. కింది అంతస్తు లొరైన్‌ను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, మీద ఒక దుప్పటి పడేసి, అందరూ ఓట్స్ తింటున్న భోజనాల గది మధ్యనుంచి స్నానాల గదికి తోసుకెళ్ళారు. ఆ రోజు ఆర్డిస్ చెంచా కింద పెట్టేసింది.

"నన్ను గనక అలా ఊరేగిస్తే, అదే దుప్పటితో మంచులోకి నడిచి వెళ్ళిపోతాను" అంది ఎదురుగది వెర్లిన్‌తో.

"దుప్పటి పల్చగా ఉంటుంది. కోటు వేసుకు వెళ్ళు" అన్నాడు వెర్లిన్.

వెర్లిన్ హావుగెన్ జీవితమంతా చీకటితో లేచి ఆవులకు పాలు పిండినవాడు. ఇప్పుడు ఆ నిద్రంతా వడ్డీతో సహా వసూలు చేసుకుంటున్నాడు. అక్కడే చిక్కు వచ్చింది. లిండెన్ హౌస్‌లో రాత్రి డ్యూటీ వాళ్ళు ప్రతి తలుపు పిడికీ ఒక పసుపు కార్డు తగిలించి పోతారు. తెల్లవారాక గదిలోవాళ్ళు దాన్ని లోపలికి తీసుకోవాలి. తీసుకుంటే క్షేమమని అర్థం. తొమ్మిది దాటినా కార్డు వేలాడుతుంటే తలుపు కొడతారు, పలక్కపోతే తాళం తీసుకుని లోపలికి వస్తారు. వెర్లిన్ నిద్ర పాడవకూడదని ఆర్డిస్ రోజూ తన కార్డుతోపాటు అతనిదీ తీసి, అతని తలుపు కిందనుంచి లోపలికి తోసేది. అది నిబంధనలకు విరుద్ధం. ఇరుగుపొరుగు ధర్మానికి మాత్రం కాదు.

ఆ ఉదయం నర్సు ధ్యాసలో పడి, ఆర్డిస్ రెండు కార్డులూ అతని తలుపు కిందకే తోసేసింది. తరవాత తన తలుపుకు తాళం వేసి, స్నానంలో ఉండగా ఎవరూ జొరబడకుండా వెనక ఒక కుర్చీ కూడా ఆనించింది. చెవి మిషన్లు తీసి సింకు పక్కన పెట్టి, టబ్బులోకి దిగింది.

ఎప్పుడూ లేనిది ఆ రోజు వెర్లిన్ ఎనిమిదిన్నరకే లేచాడు. ఆర్డిస్ పరీక్ష గురించి అతనికీ బెంగగానే ఉంది. చూస్తే నేల మీద రెండు కార్డులు. "అయ్యో, ఆవిడదీ ఇక్కడికే వచ్చిందే! ఇవాళే కార్డు లేకుండా పోతే నర్సేమనుకుంటుంది?" అని కంగారుపడి, ఆవిడే చూసి తీసుకుంటుందని, తీసుకెళ్ళి జాగ్రత్తగా ఆవిడ తలుపు పిడికే తగిలించాడు. తలుపు తట్టి చేతికి ఇవ్వచ్చు. కానీ పొద్దున్నే ఒక ఆడమనిషి తలుపు తట్టడం మర్యాద కాదని పెంచారు అతన్ని.

తొమ్మిది దాటాక యామా వచ్చింది. యామా లైబీరియా మనిషి, ఆ అంతస్తులో ఉన్నవాళ్ళ మంచిచెడ్డలు చూసేది ఆవిడే. కార్డు చూసి తలుపు కొట్టింది, పిలిచింది, తాళం తిప్పింది. తలుపు కదల్లేదు.

"పెద్దమ్మా! ఆర్డిస్ పెద్దమ్మా!"

లోపల పెద్దమ్మ తలకు షాంపూ రుద్దుకుంటూ, వినపడని లోకంలో హాయిగా కూనిరాగం తీస్తోంది. యామా మరమ్మతుల డ్వేన్‌కు ఫోన్ చేసింది. ఆ ఫోను విన్న వంటావిడ మార్లీన్ "ఆర్డిస్ పడిపోయిందట" అంది. భోజనాల గదిలో అది తుంటి విరగడమైంది. బైబిలు పాఠానికి వచ్చిన పాస్టర్ నైహూస్ మెట్లెక్కేసరికి ఆర్డిస్ పోయింది.

వరండా నిండిపోయింది. డ్వేన్ తలుపు బందులు విప్పుతుంటే పాస్టర్ కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. మార్లీన్ పక్కావిడ చెవిలో "అంత్యక్రియల భోజనానికి హామ్ బన్నులు ఎంతమందికి చెయ్యమంటారు?" అని అడిగింది.

"ఆ కార్డు తగిలించింది నేనే" అన్నాడు వెర్లిన్ వెనకనుంచి. కానీ మెల్లగా అన్నాడు. ప్రార్థన మధ్యలో గొంతు పెంచడం అతనివల్ల కాలేదు. ఆ పాస్టరుదేమో చాలా పొడుగు ప్రార్థన.

'ఆమెన్' అనేలోగా తలుపు ఊడి వచ్చింది. యామా ఒక్క ఉరుకున స్నానాలగదిలోకి దూరింది. ఆర్డిస్ కెవ్వుమంది. యామా వెంటనే వెనక్కి తిరిగి, పాస్టర్ ముక్కు మీదే తలుపు మూసేసింది.

"బతికే ఉంది! సబ్బులో ఉంది! ఒక్కరూ రావద్దు!"

చెవి మిషన్లు పెట్టుకున్నాక ఆర్డిస్ అడిగిన మొదటి మాట, "బయట ఎవరెవరున్నారు?"

"అందరూ ఉన్నారు పెద్దమ్మా. పాస్టరుగారు కూడా."

"అయితే నేనింక ఈ టబ్బులోనే ఉండిపోతాను."

"ఉండు. కానీ నీళ్ళు చల్లారిపోయాయి, తల్లో సబ్బుంది. కళ్ళు మూసుకో."

యామా ముందు ఒక పెద్ద తువ్వాలు ఆర్డిస్ ఒంటి మీద కప్పింది. వేడినీళ్ళు తిప్పింది. కళ్ళలోకి సబ్బు పోకుండా నుదుటికి ఒక అరచెయ్యి అడ్డం పెట్టి, రెండో చేత్తో తల కడిగింది. తొందరలేదు, మాటలూ లేవు. హీటరు మీద వేడెక్కిన తువ్వాలు భుజాలకు చుట్టి, ఆర్డిస్ చెయ్యి ఏనాడూ అందని వీపు మధ్యన లోషను రాసింది. భర్త ఓర్విల్ పోయాక తన తలను ఇంకొకరు ముట్టుకోలేదని ఆర్డిస్‌కు అప్పుడే తెలిసివచ్చింది. ఆవిడకు ఏడుపు వచ్చింది.

"సబ్బు మండుతోంది" అంది.

"అవును పెద్దమ్మా, ఈ సబ్బు మంచిది కాదు" అంది యామా.

ఆర్డిస్ గౌను వేసుకుని, బుగ్గలు ఎర్రబడి బయటికి వచ్చేసరికి, తలుపు లేని గదిలో జోడీ అనే ఆ నర్సు కూర్చుని ఉంది. వెర్లిన్ అప్పటికే కార్డుల కథంతా చెప్పేశాడు, ఆర్డిస్‌ను కాపాడుతున్నాననే ధైర్యంతో.

"ఆవిడకు సాయమేమిటండీ? రోజూ నా కార్డు కూడా ఆవిడే తీస్తుంది. నన్ను చూసుకునేదే ఆవిడ!"

ఆర్డిస్ బార్ల పళ్ళెం చాపింది. వెర్లిన్ వద్దన్నాడు. మళ్ళీ చాపింది, మళ్ళీ వద్దన్నాడు. మూడోసారి, బతిమాలితే కాదనలేనట్టు రెండు తీసుకున్నాడు. మిన్నెసోటాలో ఎవరైనా అంతే, మూడోసారికి గాని ఒప్పుకోరు. జోడీ మాత్రం మొదటిసారే తీసుకుంది. ఆవిడ టెక్సస్ నుంచి వచ్చి రెండు నెలలే అయింది.

"బాగుంది. వెర్లిన్ గారూ, సొంత కార్డు కూడా తీసుకోవడం లేదు కాబట్టి, మీకు మంగళ, శుక్రవారాలు యామా స్నానం చేయిస్తుంది, మీ గదిలోనే. ఆర్డిస్ గారూ, మీరు భేషుగ్గా ఉన్నారు. అయినా అడుగుతున్నా, మీకూ యామాను పంపమంటారా?"

ఆర్డిస్‌కు నుదుటి మీద ఆ అరచెయ్యి ఇంకా వెచ్చగా ఉన్నట్టే ఉంది. కావాలి. తప్పకుండా కావాలి.

"అబ్బే, ఎందుకమ్మా శ్రమ" అంది, రెండోసారి అడగడానికి వీలుగా నవ్వుతూ.

"సరే అయితే" అని జోడీ లేచింది.

ఆర్డిస్ నవ్వు అలాగే ఉంచుకుని గుమ్మందాకా సాగనంపింది. కోటు వేసుకునేటప్పుడైనా అడుగుతుందేమోనని చూసింది. జోడీ ఇంకో బారు తీసుకుని వెళ్ళిపోయింది.

మంగళవారం వెర్లిన్ గులాబీ రంగులో మెరుస్తూ, లావెండర్ వాసనతో ఎదురుపడ్డాడు.

"వీపుకు లోషను కూడా రాస్తుంది, తెలుసా?" అన్నాడు.

"తెలుసు" అంది ఆర్డిస్.

బుధవారం ఉదయం తొమ్మిది దాటింది. ఆర్డిస్ తలుపుకు పసుపు కార్డు వేలాడుతూనే ఉంది, లోపల టబ్బులో నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. యామా తలుపు కొట్టి, పిలిచి, తాళం తిప్పింది.

ఈసారి తలుపు వెనక కుర్చీ లేదు.