గుంటగలగరకు రక్షణ

పెదపాడు కాలువగట్టు మీది పసుపుపూల గుంటగలగరను కాపాడేందుకు ఒక సంఘం ఏర్పడింది. అప్పటిదాకా ఆ మొక్కకు పెద్ద ప్రమాదమేమీ లేదు.

చుట్టుపక్కల చేలన్నీ చేపల చెరువులయ్యాక అది చాప పరిచినంత మేర మిగిలింది. సూర్యనారాయణకు అదే చాలు. ఆయన భార్య సత్యవేణి ఆ ఆకు పసరులో గుడ్డ నానబెట్టి, ఆరబెట్టి, ఒత్తి చేసి, ఆముదంతో వెలిగించి ఊళ్లో పుట్టిన ప్రతి బిడ్డకూ కాటుక పట్టేది. సొంత కూతురి కాన్పు చూడకుండానే పోయింది. కూతురు ఇందుజకు నెలలు నిండుతున్నాయి. ఆ కాటుక తన చేత్తో పట్టాలని ఆయన పంతం.

సంఘాధ్యక్షులు అమరేశ్వరరావు గారికి ఆకివీడులో పురుగుమందుల కొట్టు ఉంది. కనుక మొక్కల గురించి మాట్లాడే అర్హత ఆయనకే ఉందని అందరూ ఒప్పుకున్నారు. ప్రారంభసభకు కుర్చీలు వేయాలి గనుక గడ్డిమందు కూడా ఆయనే విరాళమిచ్చారు.

"ఏవండీ, మీరు మందు కొట్టిస్తున్నది గుంటగలగర మీదేనండీ" అన్నాడు సూర్యనారాయణ.

అధ్యక్షుల వారు వంగి చూశారు. "తెలుసండీ. మా అమ్మ నా తలకు దీని నూనే రాసేది. కానీ ఇంత చిన్న పువ్వు ఫొటోలో పడదు కదండీ."

"ఫొటో కోసం పూయదండీ అది."

"అదేనండీ దాని లోపం."

కార్యదర్శి దుర్గాభవాని రాజీ కుదిర్చింది. బతికిన నాలుగు తీగలను వదిలేసి, చుట్టూ నర్సరీ నుంచి తెచ్చిన మొక్క నాటారు. పైదేశపుది, రోడ్డు డివైడర్ల మీద పెద్ద పసుపుపూలతో నిగనిగలాడేది. "దీనికి చుట్టమేనండీ, కలిసి ఉంటాయి" అందామె.

వానలు పడేదాకా చుట్టం మర్యాదగానే ఉంది. ఆపైన కాళ్లు చాపుకుంది, మంచం అడిగింది, చివరికి ఇల్లుగలవాణ్ని వీధిలో పడుకోబెట్టింది. గట్టంతా పసుపుపచ్చగా మెరిసింది. స్థానిక పుష్పం ఊహించని రీతిలో వృద్ధి చెందిందని సంఘం తీర్మానించి, తనను తాను అభినందించుకుంది.

ఇందుజకు ఆడపిల్ల పుట్టింది. సూర్యనారాయణ కొడవలితో గట్టెక్కి చుట్టాన్ని కోసి పారేయసాగాడు. అడుగున గుంటగలగర తీగ ఒక్కటి కొనఊపిరితో కనిపించింది. అందుకునేలోపు జనం మూగారు.

"బాబాయి గారూ, మన ఊరి పువ్వునే నరికేస్తారా అండీ" అంది దుర్గాభవాని.

"ఆవిడ పోయాక మనిషి ఇలా అయిపోయాడండీ" అని ఎవరో జాలిపడ్డారు. జాలితోనే కొడవలి లాక్కున్నారు.

గట్టు శుద్ధి కార్యక్రమం వెంటనే జరిగింది. మేలుజాతికి అడ్డొస్తున్న ఆ ఒక్క తీగనూ అధ్యక్షుల వారు స్వహస్తాలతో వేళ్లతో సహా పెకలించి, పైకెత్తి చూపించారు. పసిదానికి కొట్లో కొన్న కాటుక పెట్టారు.

అధ్యక్షుల వారు తీగ ఎత్తి చూపిన ఫొటో మీకూ వచ్చింది. చేతులు జోడించిన బొమ్మ తగిలించి మీరూ పదిమందికి పంపారు. గుంటగలగర మొట్టమొదటిసారి ఫొటోలో పడింది అందులోనే.