మడత మంచం వాయిదాలు

ఆ శనివారం పొద్దున బస్సు డిపో స్టోర్‌కీపరుగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, చంకన తోలు సంచి పెట్టుకుని, పెళ్ళికి వెళ్ళే మనిషిలా బయల్దేరారు. నెలాఖరుకి ఆయన రిటైరవుతున్నారు. ఆలోగా ఎవరికీ చిల్లిగవ్వ బాకీ ఉండకూడదని ఆయన పట్టుదల. ఇంటి అప్పు కిందటి నెలే తీరిపోయింది. ఇక మిగిలినవి ఫర్నిచర్ షాపులో బీరువా తాలూకు చివరి వాయిదా, ఎలక్ట్రికల్ షాపులో వాషింగ్ మెషీన్ బాపతు కొంత. ఆ రెండూ ఈ పూట కట్టేస్తే, తన తర్వాత భార్య ఎవరి ముందూ తల వంచుకోనక్కర్లేదు.

డిపోలో ఒక్క నట్టు కూడా లెక్క తప్పనివ్వని మనిషి ఆయన. అప్పు నిప్పులాంటిదని డ్రైవర్లకీ కండక్టర్లకీ అడక్కుండానే చెప్పేవారు. చెప్పి ఊరుకోక వాళ్ళ నాన్నగారి సంగతి ఎత్తేవారు. "మా నాన్న చివరి వాయిదా కట్టి ఇంటికొచ్చాడు. మంచినీళ్ళు తాగి నడుం వాల్చాడు. అంతే. ఒక్కడికీ బాకీ లేకుండా రాజాలా పోయాడు." ఆ వెంటనే అన్నగారి కథ. ఇల్లు తాకట్టు విడిపించుకున్న వారానికే ఆయనా అంతే దర్జాగా పోయారు. ఈ కథలు మొదలవగానే భార్య ఏదో పనున్నట్టు వంటింట్లోకి వెళ్ళిపోయేది. విన్నదే విని విసుగెత్తి ఉంటుందని ఆయన అనుకునేవారు.

ఫర్నిచర్ షాపాయన డబ్బు లెక్కపెట్టుకుని, రసీదు రాసిచ్చి, "మరి కొత్త ఖాతా సంగతేంటి సార్?" అన్నాడు. ఏ కొత్త ఖాతా అంటే, మొన్న అమ్మగారు వచ్చి మడత మంచం ఒకటి, కుర్చీ ఒకటి తీసుకున్నారన్నాడు. ఖాతా మాత్రం సారు పేరు మీదే రాయించారట. స్టోర్‌కీపరుగారికి ఆ సంగతే తెలియదు. అయినా బాకీ అన్న మాట చెవిన పడ్డాక ఆయన చేతులు ఊరుకోవు. ఆ ఖాతా కూడా అక్కడికక్కడే తీర్చేశారు. మెట్లు దిగుతుండగా గానీ అసలు ప్రశ్న ఆయనకి తట్టలేదు. ఒకరు పడుకునే మంచం ఎందుకు?

ఎలక్ట్రికల్ షాపులో మరో రెండు బయటపడ్డాయి. ఒక టేబుల్ ఫ్యాను, ఒక చిన్న కరెంటు పొయ్యి. "ఒక్క మనిషికి బ్రహ్మాండంగా సరిపోతుందని నేనే చెప్పాను సార్," అన్నాడు ఆ షాపాయన, మెచ్చుకుంటారేమోనని చూస్తూ. పైగా వాటిని ఇంటికి కాక, కుట్టుపని చేసే ఆవిడ మేడమీది ఖాళీ గదికి చేర్చమన్నారట. స్టోర్‌కీపరుగారు అదీ కట్టేశారు. సంచి ఖాళీ అయింది, బుర్ర నిండిపోయింది.

కుట్టుపని ఆవిడ ఆయన్ని చూడగానే మిషను ఆపి తేలు కుట్టిన దొంగలా నిలబడింది. ఎవరికీ చెప్పొద్దని అమ్మగారు ఒట్టు వేయించుకున్నారంది తప్ప మరో ముక్క పెగల్లేదు. ఆయన మెట్లెక్కి కిటికీలోంచి చూశారు. మంచం, కుర్చీ, ఫ్యాను, పొయ్యి. ఒక ఒంటరి ఆడమనిషి సంసారం అక్కడ చక్కగా సర్ది ఉంది.

అప్పుడు ఆయనకి కిందటి వారం మాట గుర్తొచ్చింది. "రిటైరయ్యాక రోజంతా ఇంట్లోనే ఉంటారా?" అని ఆవిడ అడిగింది. అవునని ఆయన సంబరంగా చెప్పి, వంటింటి డబ్బాలన్నిటికీ డిపోలోలాగా నంబర్లు వేస్తానని మాట కూడా ఇచ్చారు. ఆవిడ అప్పుడేమీ అనలేదు. ఏమీ అనలేదంటే ఒప్పుకుందని ఆయన లెక్క. ఇన్నేళ్ళూ లెక్క తప్పని మనిషికి, ఇంట్లో లెక్కే తప్పింది.

ఇంటికి తిరిగొస్తూ బావమరిదికి ఫోన్ చేశారు. అతను ఇంగ్లీషు ట్యూషన్లు చెబుతాడు, ప్రతి కష్టానికీ అతని దగ్గర ఒక సలహా ఉంటుంది. పిల్లల్ని పంపేసి పరుగున వచ్చాడు. ఓదార్చబోయి, తెలిసిన లాయరొకాయన ఉన్నాడనీ, ఇలాంటివి ఈ మధ్య మామూలేననీ అన్నాడు. దాంతో గోరుచుట్టు మీద రోకటిపోటయింది. స్టోర్‌కీపరుగారు మంచినీళ్ళు తాగి, గ్లాసు పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని మంచం మీద వెల్లకిలా పడుకున్నారు.

ఈలోగా ఎలక్ట్రికల్ షాపాయన మర్యాద కొద్దీ ఆవిడకి ఫోన్ చేసి, సారు వచ్చారనీ, ఆయన మాటల్ని బట్టి ఫర్నిచర్ షాపు బాకీతో సహా మొత్తం తీర్చేశారనీ అభినందనలు చెప్పాడు. కూరల బజారులో ఉన్న ఆవిడ సంచీ అక్కడే వదిలేసి ఆటో ఎక్కింది. షాపుకెళ్ళింది, డిపోకెళ్ళింది, కుట్టుపని ఆవిడ దగ్గరికెళ్ళింది. డిపోలో రాలేదన్నారు, మిగతా చోట్ల ఇప్పుడే వెళ్ళారన్నారు. ఇంటి ముందు ఆటో ఆగీ ఆగకముందే దూకి లోపలికి వచ్చింది. డబ్బుల కోసం ఆటో అతను వెనకే వచ్చాడు.

గుమ్మంలో ఆవిడకి కనిపించింది ఇది: ఖాళీ గ్లాసు, మూసిన కళ్ళు, పక్కన దిగాలుగా తమ్ముడు. ఆవిడ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"మెల్లగా అక్కా. ఇప్పుడే పడుకున్నాడు," అన్నాడు తమ్ముడు.

స్టోర్‌కీపరుగారు కళ్ళు తెరిచారు. భార్యని చూసి, ఎంతో సేపటి నుంచి కూడబలుక్కున్న మాట అనేశారు. "వెళ్ళాలనుకుంటే వెళ్ళు. నేను ఆపను. కానీ ఆ మడత మంచం వద్దు. నీ నడుముకి పనికిరాదు."

"ఎక్కడికి వెళ్తానండీ?" అంటూ ఆవిడ మంచం పక్కన కూలబడి ఏడ్చేసింది. ఆయన చెయ్యి పట్టుకుని, వేడిగా ఉందో లేదో రెండు వైపులా తిప్పి చూసుకుంది. ఆటో అతను ఇబ్బందిగా దగ్గి, తన బాడుగ సంగతి గుర్తుచేశాడు. స్టోర్‌కీపరుగారి చెయ్యి అలవాటుగా జేబులోకి వెళ్ళింది. ఆవిడ ఆ చేతిని గట్టిగా పట్టేసుకుంది.

"ఇవ్వకండి. మీకు దండం పెడతాను. అదొక్కటైనా ఉండనివ్వండి."

అప్పుడు బయటపడింది. ఇంటి అప్పు తీరిన రోజు నుంచీ ఆవిడకి నిద్ర లేదు. ఆ ఇంటి మగవాళ్ళు బాకీలు తీర్చేసి పోతారు. ఇన్నేళ్ళుగా ఆయన గర్వంగా చెప్పుకున్న కథ ఆవిడకి చేరింది అలాగే. అందుకని ఏది చవకగా, ఎక్కువ వాయిదాలకి ఇస్తే అది ఆయన పేరు మీద కొంది. మంచమా, పొయ్యా అని చూడనేలేదు. ఇంటికి తెస్తే ఆయన ఆ పూటే కట్టేస్తారని ఆ మేడగదిలో దాచింది.

"పిచ్చిదానా," అన్నారాయన. "నాన్నకి గుండెజబ్బు. అన్నయ్యకి కిడ్నీలు పోయాయి. తీర్చబట్టి పోలేదే వాళ్ళు. పోతామని తెలిసి తీర్చారు."

"నాకూ తెలుసు. పగలంతా తెలుస్తూనే ఉంటుంది. రాత్రి మీ గురక ఆగితేనే ఏమీ తెలియదు."

తన గురక కోసం ఒక మనిషి మేలుకుని ఉంటుందని ఆయన ఎన్నడూ ఎరగరు. ఈలోగా బావమరిది ఆటో అతనికి డబ్బిచ్చి పంపేసి, "నాకు తర్వాత ఇద్దువుగాని బావా, తొందరేం లేదు," అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక అక్క తన వైపు అంత ప్రేమగా చూడటం అతనికి అదే మొదలు.

స్టోర్‌కీపరుగారు లేచి కూర్చుని ఆవిడ కళ్ళు తుడిచారు. అవన్నీ నా పేరు మీదే కొన్నావా అని అడిగితే, మీ పేరు మీద కాకపోతే ఏం లాభమంది ఆవిడ.

"మరి నీ పేరు మీద ఏముంది?"

"నా పేరు మీదెందుకుంటుందండీ. నేనెవరికీ రూపాయి బాకీ లేను," అంది, కొంచెం గొప్పగానే.

ఇవన్నీ ఉత్త మూఢనమ్మకాలని ఆయనకి తెలుసు. పగటిపూట కాబట్టి మరీ బాగా తెలుసు. అయినా లేచి చెప్పులు వేసుకున్నారు. ఎక్కడికని ఆవిడ అడిగితే, మధ్యాహ్నం భోజనానికి షాపు కట్టేసే వేళయిందని మాత్రం అన్నారు.

ఫర్నిచర్ షాపాయన ఆయన్ని మళ్ళీ చూసి కంగారుగా లేచాడు. స్టోర్‌కీపరుగారు భార్య పేరు మీద కొత్త ఖాతా తెరవమన్నారు. అన్నిటికంటే ఎక్కువ వాయిదాలు ఏ స్కీములో ఉంటే అది కావాలన్నారు.

"వడ్డీ బాగా పడుతుంది సార్."

"పడనివ్వండి."

"ఇంతకీ వస్తువేంటి సార్?"

అది ఆయన ఆలోచించుకు రాలేదు.