ఆ తొమ్మిది శాతం

మనిషి పొరపాటు చేస్తాడు గానీ యంత్రం చేయదన్న నమ్మకం మీదే ఈ ప్రపంచంలోని ఆఫీసులన్నీ నిలబడి ఉన్నాయి. ఆఫీసులకు ఆ నమ్మకం కుర్చీతో పాటు వస్తుంది. నెస్టర్ మామయ్యకు పుట్టుకతోనే వచ్చింది.

అమిహాన్‌కు తన మేనమామ మీద ఉన్న ఫిర్యాదల్లా అదే. మనిషి మంచివాడు. బేకరీలో పని, రొట్టె చక్కగా కాలుస్తాడు. కానీ దారి చూపించే ఫోను "ఎడమకు తిరగండి" అంది కదా అని ఒకసారి కారును తిన్నగా నదిలోకి పోనిచ్చాడు. (ఎడారి ఊరైన ఆలిస్ స్ప్రింగ్స్ నదిలో ఏడాదిలో పదకొండు నెలలు ఇసుకే కాబట్టి బతికిపోయాడు.) చక్రాలు కూరుకుపోయాక కూడా, "ఫోను సరిగ్గానే చెప్పింది, నదే అడ్డంగా ఉంది" అన్నాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో తనది తప్పని ఒక్కసారీ అనలేదని అత్తయ్య లెక్క.

అమిహాన్ సముద్రాల అవతలి ఇలోయిలో అనే ఊరి నుంచి నర్సింగు చదవడానికి వచ్చి వాళ్ళింట్లో ఉంటోంది. నర్సు కావాలంటే సూది గుచ్చడం వస్తే చాలదు, "ఈ నేల, ఈ మనుషులు" అనే సబ్జెక్టు కూడా గట్టెక్కాలని విశ్వవిద్యాలయం నియమం. ఈ నేల అసలు మనుషులైన ఆదివాసుల్లో ఒక చిత్రకారిణిని కలిసి, బొమ్మ గురించి ఆమె చెప్పింది విని, వ్యాసం రాయాలి. అందులో తప్పితే ఆసుపత్రి శిక్షణ లేదు. శిక్షణ లేకపోతే చదువు లేదు. చదువు లేకపోతే వీసా లేదు. (ఒక్క బొమ్మ ఇంత బరువు మోయగలదని గీసినవాళ్ళకు కూడా తెలియదు.)

మామయ్య వెంటనే ఆమె ఫోనులో ఏడు చదువు యాప్‌లు ఎక్కించాడు. ఒకటి పాఠాన్ని కుదిస్తుంది. ఇంకొకటి ఆ కుదించినదాన్ని విడమరిచి చెబుతుంది. మూడోది ప్రశ్నలు వేస్తుంది, నాలుగోది జవాబులూ తనే చెబుతుంది. ఐదోది, ఫోను రెండు రోజులు పిండి డబ్బాలో పడి ఉన్నప్పుడు కూడా, "వరసగా పదిహేను రోజులు చదివారు, అభినందనలు" అంది. ఆరోది బొమ్మను ఫొటో తీస్తే నాలుగు సెకన్లలో అర్థం చెబుతుంది. ఏడోది రాసినదాన్ని "మెరుగుపరుస్తుంది". దాని సంగతి తర్వాత.

ఆర్ట్ సెంటర్లో ఆ చిత్రకారిణి, అందరూ పిలిచేలా మేవిస్ ఆంటీ, నేల మీద కాన్వాసు పరిచి గీస్తోంది. కాన్వాసు ఒక మూల మీద ఆమె కుక్క నిద్రపోతోంది. అమిహాన్ అనుమతి అడిగి ఫొటో తీసి, వచ్చిన అర్థాన్ని వినయంగా చదివి వినిపించింది. "ఈ రేఖలు విశ్వంతో మానవుడి శాశ్వత అనుబంధానికి సంకేతాలు."

ఆంటీ కుంచె ఆపింది. "అవునా? నాకెవరూ చెప్పలేదే."

"తొంభై ఏడు శాతం ఖాయమట ఆంటీ."

"దుంపలు పిల్లా. అడవి దుంపలు. తవ్వుకుని తినేవి. ఆ ఫోను సంచిలో పెట్టి ఇలా కూర్చో. కుక్క తోక తొక్కకు."

ఆరు శనివారాలు అమిహాన్ అక్కడే కూర్చుంది. మొదటి రెండు శనివారాలు ఆంటీ కథ చెప్పలేదు, టీలో చక్కెర చాల్లేదని మాత్రం చెప్పింది. మూడోసారి మొదలుపెట్టింది. అది వాళ్ళమ్మ నేల. వానలు పడి వెళ్ళాక లోపల దుంప ఊరితే పైన నేల పగులుతుంది. ఆడవాళ్ళు ఆ పగుళ్ళ వెంట నడుస్తారు. అక్కడిదాకా చెప్పి ఆగింది.

"ఆ తర్వాత?"

"ఇంతవరకే నీకు. మిగతాది నీది కాదు. చెప్పిందంతా మా అమ్మ ఎట్లా చెప్పిందో అట్లానే చెప్పాను. నువ్వూ మాట మార్చకు."

"మార్చను ఆంటీ."

ఆ వారం వాన పడింది. కాలేజీకి వెళ్ళే దారిలో ఎండిన బురద పగిలి ఉంటే అమిహాన్ ఆగిపోయింది. ఆ గీతలన్నీ ఆమెకు తెలుసు. బొమ్మలో ఆంటీ ఏదీ కల్పించలేదు. నేలను ఎప్పుడూ చూడనిది తనే. బస్సు వెళ్ళిపోయింది. (ఐదో యాప్ ఆ రోజు "మీరు ఏమీ నేర్చుకోలేదు" అని బాధపడింది.)

ఆమె విన్నది విన్నట్టు రాసింది. పంపేముందు మామయ్య చూశాడు. చూసి, ఆమె గిన్నెలు కడుగుతుండగా ఏడో యాప్ మీట నొక్కాడు. "కాస్త నునుపు చేశానమ్మాయ్, పిండి మీద నెయ్యి రాసినట్టు" అన్నాడు. ఆమె చేతులు తుడుచుకుని వచ్చేసరికి వ్యాసం వెళ్ళిపోయింది.

మూడో రోజు విశ్వవిద్యాలయం వారి విద్యా నిజాయతీ సంరక్షణ విభాగం నుంచి తాఖీదు. వ్యాసంలో తొంభై ఒక్క శాతం వేరేచోట దొరికింది. ఎక్కడంటే, ఆంటీ వాళ్ళమ్మ బొమ్మల వెనక అంటించిన కథ కాగితాల్లో, ఆంటీ అక్కచెల్లెళ్ళ కాగితాల్లో. ఆ నలభై ఏళ్ళ కాగితాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కాయట. తాఖీదుతో ఒక ఫారం: "మీరు ఎందుకు కాపీ కొట్టారు? ఒకటి ఎంచుకోండి: (అ) ఒత్తిడి (ఆ) అజ్ఞానం (ఇ) రెండూ." కాపీ కొట్టలేదు అనే గడి లేదు. అలాంటి అవసరం ఇంతవరకు ఎవరికీ రాలేదట.

విచారణ మంగళవారం. విభాగాధిపతి గావిన్ ప్రిచర్డ్ నిజాయతీగల మనిషి. తన నిజాయతీని కూడా ఏటా పరీక్ష చేయించుకుంటాడు. గోడ మీద పెద్ద తెర. గదిలో ఎవరేం మాట్లాడినా అది రాసుకుని, ఆ మాట విభాగం రికార్డుల్లో ఇదివరకు ఉందో లేదో అక్కడికక్కడే తేల్చి చెబుతుంది. అమిహాన్ పక్కన మామయ్య ఇస్త్రీ చొక్కాలో కూర్చున్నాడు. మేవిస్ ఆంటీ కుక్కతో సహా వచ్చింది.

"తొంభై ఒక్క శాతం" అన్నాడు ప్రిచర్డ్ విచారంగా.

"తొంభై ఒకటేనా?" ఆంటీ అమిహాన్ వైపు తిరిగింది. "మాట మార్చనన్నావు కదే!"

"మార్చలేదు ఆంటీ, ఒట్టు!"

"మరి ఆ తొమ్మిది ఎటు పోయింది?"

ప్రిచర్డ్ గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, ఆ తొమ్మిదే బాగున్న భాగం. పచ్చరంగులో ఉంది చూడండి. స్వంతం."

"చదువు నాయనా."

చదివాడు. "తరతరాల జ్ఞాన ప్రవాహపు వర్ణమయ ప్రయాణంలో, చివరకు ఆ స్త్రీలు తమ అంతరాత్మను కనుగొన్నారు."

కుక్క కూడా తలెత్తింది.

"కనుక్కోలేదు" అంది ఆంటీ. "దుంపలు కనుక్కున్నారు. చివర నేను చెప్పలేదు, చెప్పకూడదు కాబట్టి. ఎవరు చెప్పారు ఆ చివర?"

అమిహాన్ మామయ్యను చూడలేదు. చూడకపోవడమే ఎక్కువ పని చేసింది. ఆయన లేచి నిలబడ్డాడు. మెడ దాకా ఎర్రబడ్డాడు.

"మీట నొక్కింది నేను. పిల్ల రాసింది సరిగ్గానే ఉంది. తప్పు నాది."

అమిహాన్‌కు వెంటనే అత్తయ్యకు ఫోను చేయాలనిపించింది. తెర మాత్రం చలించలేదు: "తప్పు నాది. ఈ వాక్యం మా రికార్డుల్లో నలభై ఒక్క వేల రెండు వందల ఆరు చోట్ల ఉంది. చెప్పినవారు: విద్యార్థులు, వారి ఇంటివారు."

"ఇంకేం" అన్నాడు ప్రిచర్డ్ కలం తీస్తూ, "తొమ్మిది శాతం యాప్‌ది, తొంభై ఒకటి కాపీ. మూలం పేర్కొనలేదు కనుక..."

"మొదటి వాక్యంలోనే రాశాను సార్, మేవిస్ ఆంటీ చెప్పిందని" అంది అమిహాన్.

"నియమం ఏడు ప్రకారం మూలం అంటే పుస్తకం, వ్యాసం లేదా వెబ్ పేజీ. మనిషి కుదరదు. పరిశీలించడానికి మూలం మా ముందు ఉండాలి కదా."

ఆంటీ కుర్చీ ఆయన బల్ల దగ్గరకు జరుపుకుని కూర్చుంది. "ఉన్నాను. పరిశీలించు."

ప్రిచర్డ్ నియమాల పుస్తకం ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు తిప్పాడు. మూలం కుక్కను వెంటేసుకుని వస్తే ఏం చేయాలో అందులో లేదు.

"మా అమ్మ చెప్పింది నేను చెప్పాను. నేను చెప్పింది ఈ పిల్ల రాసింది. మార్చి చెబితే మా దగ్గర దాన్ని తప్పంటారు. మీ దగ్గర స్వంతం అంటున్నారు. ఇప్పుడు చెప్పు నాయనా, దొంగతనం ఎవరు చేశారు?"

ప్రిచర్డ్ కళ్ళజోడు తీశాడు. పెట్టుకున్నాడు. ఫారం మీద (అ), (ఆ), (ఇ) మూడూ కొట్టేశాడు.

"ఈ అమ్మాయి కాపీ కొట్టలేదు" అన్నాడు నెమ్మదిగా. "తప్పు మా విభాగానిది."

తెర వెతకడం మొదలుపెట్టింది. ఈ ఏడాది రికార్డులు, నిరుటివి, విశ్వవిద్యాలయం పుట్టిన నాటివి అన్నీ గాలించింది. మామయ్య వాచీ చూసుకున్నాడు. ఆంటీ టీ అడిగింది, చక్కెర ఎక్కువగా. టీ వచ్చింది, తాగడం కూడా అయింది. అప్పుడు తెర మీద పచ్చరంగు వెలిగింది:

"పోలిక ఎక్కడా దొరకలేదు. నూటికి నూరు శాతం స్వంతం."