మాట వినే స్క్రీను

కంప్యూటరుకు జబ్బు తెప్పించడం పెద్ద పనేం కాదు. వెనకాల వైరును పిసరంత వదులు చేస్తే చాలు. దావూద్ ఆ పని కానిచ్చి, జమ్మలమడుగు బస్టాండు పక్కనున్న తమ అంగడి ముందర నిలబడి, ఏమీ ఎరగనట్టు టీ తాగుతున్నాడు.

లోపలి నుంచి భార్య అఫ్సానా గొంతు వినిపించింది.

"ఏంజీ, స్క్రీను మినుకుమినుకుమంటాంది."

"అయ్యో, అట్లనా? పాతదైపాయలే పాపం," అన్నాడు దావూద్, చావు కబురు విన్న మొహం పెట్టి. "కొత్తది తెచ్చుకుందాం. ఇప్పుడు పెద్ద కంప్యూటర్లకు గూడా టచ్ స్క్రీన్లు వచ్చినాయంట. వేలు పెడితే చాలంట."

"వేలు పెట్టేవాళ్లకు మన ఇంట్లో ఏం కరువు?" అంటూ అఫ్సానా వెనక్కి వంగి వైరు బిగించింది. స్క్రీను తేరుకుంది.

మరుసటి రోజు వైరు మళ్లీ వదులైంది. అఫ్సానా మళ్లీ బిగించింది. ఆ వైరుకు నోరుంటే ఇద్దరినీ తిట్టేది.

దావూద్ కువైట్‌లో ఏళ్ల తరబడి పెద్ద లారీ నడిపాడు. ఆయన అక్కడ ఉన్నప్పుడే అఫ్సానా ప్రొద్దుటూరులో డిజైనింగ్ నేర్చుకుని ఈ అంగడి తెరిచింది. పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీ బ్యానర్లు చేస్తుంది. ఇక్కడ బొమ్మ తయారు చేసి ప్రొద్దుటూరుకు పంపితే, అక్కడి మిషన్లో అచ్చయి సాయంత్రం బస్సుకు చుట్టలుగా వస్తాయి. వెళ్లేటప్పుడు ఊళ్లో ఆయన పేరు డ్రైవర్ దావూద్. తిరిగొచ్చేసరికి డిజైనింగ్ అఫ్సానా వాళ్లాయన. అందులో తప్పేం లేదు, ఆయనకూ కోపం లేదు. కానీ అంగట్లో ఆయనకు మిగిలిన పనులు టీ తేవడం, బస్సు దగ్గర చుట్టలు దించుకోవడం. భార్య పని చేస్తుంటే పక్కన ఫ్యాను కింద ఊరికే కూర్చోవడం ఎంత అలసటో కూర్చున్నవాడికే తెలుస్తుంది.

మౌసు నేర్చుకోవాలని చూడకపోలేదు. గేరు రాడ్డు పట్టినట్టు పట్టేవాడు. బాణం గుర్తు ప్రాణభయంతో ఈ మూల నుంచి ఆ మూలకు పరిగెత్తేది. రెండుసార్లు టకటకా నొక్కమంటే, ఆయన రెండు నొక్కుళ్ల మధ్యా ఒక టీ తాగి రావచ్చు. ఒకరోజు పత్రిక కోసం వచ్చిన కుర్రాడొకడు కాసేపు చూసి, "అన్నా, నువ్వు లెయ్యి. వదిన వచ్చినాక చేయించుకుంటాలే" అన్నాడు. కుర్రాడు మర్యాదగానే అన్నాడు. దావూద్‌కు ఆ మర్యాదే గుచ్చుకుంది.

ఫోను మాత్రం వేలితో బ్రహ్మాండంగా తిప్పుతాడు. కాబట్టి కంప్యూటరు కూడా వేలు మాట వింటే, తనకూ ఆ అంగట్లో ఒక కుర్చీ దొరుకుతుందని ఆయన ఆశ. ఆ సంగతి భార్యతో చెప్పలేదు. రాబోయే కాలమంతా టచ్ స్క్రీన్లదేనని మాత్రం ఊరంతా చెప్పాడు.

"రోజంతా చెయ్యి గాల్లో పెట్టుకోని పొడుస్తా కూచుంటే భుజం ఏమైతాది జీ?" అంది అఫ్సానా అన్నం పెడుతూ. "ఫోనంటే చేతిలో ఉంటాది. ఇది గోడ మాదిరి ఎదురుగా నిలబడి ఉంటాది. గోడకు సున్నం కొట్టేవాళ్లను అడుగు, భుజం నొప్పి అంటే ఏందో చెప్తారు."

"నీకు ముందుచూపు లేదు అఫ్సానా. ముందు ముందు వేలు గూడా అక్కర్లేదంట. కంటితో చూస్తే చాలంట, ఫోటో కదులుతాదంట."

"నువ్వు కంటితో చూస్తే కదిలింది ఈ ఇంట్లో ఇంతవరకు ఒకటీ లేదు. ఖాళీ సిలిండరును నిన్నటి నుంచి చూస్తాండావు. యాడ ఉన్నింది ఆడే ఉంది."

దావూద్ తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు. ఎప్పుడూ ఎదురు మాట అనే మనిషి అనలేదు. అఫ్సానా ఆయన మొహంలోకి ఒక క్షణం చూసి, "సరే, తెచ్చుకోపో" అంది.

ప్రొద్దుటూరులో కంప్యూటర్లు అమ్మే నాసిర్ మంచివాడు. "ఇంటికా, అంగడికా?" అని అడిగాడు. అంగడికని చెబితే, "పదిమంది వచ్చిపొయ్యే తావుకు వద్దన్నా, ఆలోచించుకో" అన్నాడు. అమ్మేవాడే వద్దంటున్నాడంటే సరుకు అంత గొప్పదన్నమాట అనుకున్నాడు దావూద్. బస్సులో దాన్ని పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు.

మొదటి వారం బాగానే గడిచింది. ఫోటోలు వేలితో జరిగాయి, రెండు వేళ్లు విప్పితే పెద్దవయ్యాయి, మూస్తే చిన్నవయ్యాయి. భుజం మాత్రం అఫ్సానా చెప్పినట్టే లాగింది. ఆయన అంగడి వెనకే ఉన్న వంటింట్లోకి పోయి ఆమె చూడకుండా జండూబామ్ రాసుకునేవాడు. ఆ వాసన అంగడి దాకా వచ్చేది. ఆమె అడగలేదు.

అప్పుడొచ్చాడు పుల్లన్న, భార్య అంకమ్మతో. గొర్రెల మనిషి. కూతురు గీతాంజలి కొడుక్కి పుట్టువెంట్రుకలు తీయిస్తున్నాడు. బ్యానరులో నడిమధ్య మనవడు, కింద "నా పుట్టువెంట్రుకలకు అందరూ రావాల" అనే మాట, పక్కన వరుసగా చుట్టాల ఫోటోలు, అందరికన్నా పైన లింగాల నుంచి వచ్చే అల్లుడి అన్న ఓబులేసు. అల్లుడు మోహన్‌కు ఆ అన్నంటే భయం, పుల్లన్నకు ఆ అల్లుడంటే భయం. ఒక మూల, విందులోకి కోయకుండా ముద్దుగా పెంచుకుంటున్న తన పొట్టేలు కూడా ఉండాలని పుల్లన్న కోరిక. అఫ్సానా అన్నీ చక్కగా అమర్చి, తల్లిని చూడ్డానికి ప్రొద్దుటూరు బయలుదేరింది.

"అంతా అయిపోయింది జీ. వాళ్లొచ్చి ఒకసారి చూసుకున్నాక పంపు. దేన్నీ తాకగాకు."

"నేనేమన్నా చిన్నపిల్లోన్నా?" అన్నాడు దావూద్.

ఆయన నిజంగానే తాకలేదు.

మా వైపు మనుషులకు ఒక అలవాటుంది. దేన్నయినా వేలితో చూపించకుండా చెప్పలేరు. అంగట్లో చీర గురించి చెప్పినా, సంతలో గొడ్డు గురించి చెప్పినా చెయ్యి ముందు పోతుంది, మాట వెనక వస్తుంది. పాత స్క్రీను ఎన్నో వేళ్ల ముద్రలు ఓర్చుకుని ఊరికే ఉండేది. కొత్తది అట్లా కాదు, అన్నింటినీ ఆజ్ఞలనుకుంది.

దావూద్ వాళ్లను స్క్రీను ముందర కూర్చోబెట్టి, తాను వాళ్ల వైపు తిరిగి రాబోయే కాలం గురించి చెప్పడం మొదలుపెట్టాడు. స్క్రీను ఆయన వీపు వెనక ఉంది.

"నా పొట్టేలు ఇంతే ఉంటే చాలప్పా, ఇంతకన్నా వద్దు," అని పుల్లన్న పొట్టేలు మీద రెండు వేళ్లు ఆనించి, విప్పి కొలత చూపించాడు. పొట్టేలు అంతకంతకూ పెరిగింది.

"నా బంగారు కొండ!" అని అంకమ్మ మనవడి బుగ్గలు పుణికి వేళ్లు ముద్దు పెట్టుకుంది. మనవడు చిక్కిపోయి మూలకు జరిగాడు.

"ఈడ ఏందో మరకుంది," అని ఆమె కొంగుతో తుడవబోయి అరచేత్తో రాసేసరికి, ఓబులేసు వరుసలో నుంచి జారి పొట్టేలు వెనక్కి పోయాడు. కొమ్ముల మధ్య మీసం మాత్రం మిగిలింది.

ఇద్దరికీ చూపు ఆనదు. రంగులు ఎక్కువగా కనిపించాయి, సంతోషించారు. "శానా బాగుండాది," అని వెళ్లిపోయారు. దావూద్ ఇటు తిరిగాడు. పంపే బొత్తాన్ని తన సొంత వేలితో నొక్కబోతున్నాననే సంబరంలో ఆ బొత్తాన్ని తప్ప ఇంక దేన్నీ చూడలేదు.

సాయంత్రం పుల్లన్న ఇంటి ముందర బ్యానరు విప్పి కట్టారు. వీధి వీధంతా గుమిగూడింది. నిలువెత్తు పొట్టేలు, దాని కింద "నా పుట్టువెంట్రుకలకు అందరూ రావాల". మూలన గుండీ అంత పిల్లోడు. చదివినవాళ్లకు పొట్టేలుకే గుండు కొట్టిస్తున్నారని అర్థమైంది. సరిగ్గా అప్పుడే లింగాల నుంచి ఓబులేసు జీపు వచ్చి ఆగింది.

ఆయన బ్యానరంతా వెతికి, చివరికి తన మీసాన్ని గుర్తుపట్టాడు.

"ఏం మామా, నేను నీ పొట్టేలు చాటున బతికేటోన్నా?" అన్నాడు పుల్లన్నతో. మంచినీళ్లు కూడా ముట్టలేదు.

పుల్లన్న అంగడికి మనిషిని పరిగెత్తించాడు. దావూద్ పోయి ఓబులేసు ముందర చేతులు కట్టుకుని, తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. అఫ్సానాకు ఫోను పోయింది. అసలు బొమ్మ ఆమె ఫోన్లో ఉంది కాబట్టి, ప్రొద్దుటూరులోనే మళ్లీ అచ్చు వేయించి పొద్దున మొదటి బస్సుకు తెచ్చింది. ఓబులేసు అందరికన్నా పైన, మనవడు నడుమ, పొట్టేలు మూలన. ఫంక్షను గడిచింది. పొట్టేలును చూడ్డానికే చాలామంది వచ్చారు.

ఆ పూట దావూద్ ఇంట్లో సరిగా తినలేదు. "ఎడారిలో అన్నేళ్లు బండి నడిపినా, ఒక్క గొర్రెను గుద్దింది లేదు," అన్నాడు. "ఇంటికొచ్చి పొట్టేలు కింద పడితి. నాకు టీ తెచ్చే పనే సరిపోతాది అఫ్సానా."

ఇంకెవరైనా భార్య అయితే, నేను ముందే చెప్పలేదా అనేది. ఆ మాట అనే హక్కు ఆమెకు పూర్తిగా ఉంది. ఆమె వాడుకోలేదు. కంప్యూటరు ముందర కూర్చుని ఏదో కెలికి, "స్క్రీనులో ఏందో సెట్టింగు తప్పినట్టుంది, సరిచేసినా. ఇంక నీ మాట వింటాది. నువ్వు ముందర కూచో, నేను పక్కన కూచోని టైపింగు చూసుకుంటా" అంది.

అప్పటి నుంచి స్క్రీను నిజంగా మారిపోయింది. దావూద్ ఫోటో మీద వేలు పెడితే ఒక క్షణం ఆగి, ఆలోచించినట్టు ఆలోచించి కదిలేది. పక్కనున్నవాళ్లు ఎన్ని వేళ్లు పెట్టినా ఉలికేది కాదు. ఇంకా గొప్ప సంగతేమంటే, తప్పు చెబితే వినేది కాదు. పెళ్లికూతురి ఫోటోను ఆయన అక్షరాల మీదికి తోస్తే, అది మర్యాదగా పక్కకు పోయి నిలబడేది.

"తెలివైన స్క్రీనప్పా," అని టీ అంగట్లో చెప్పేవాడు. "మనం తప్పు చేస్తే అదే దిద్దుతాది. రాబోయే కాలంలో కంప్యూటర్లన్నీ ఇట్లనే ఉంటాయి చూడండి."

నడక మారింది, గొంతు మారింది. చుట్టలు దించే పని కూడా ఇప్పుడు హుషారుగా చేస్తున్నాడు. అఫ్సానా పక్కన కూర్చుని, బల్ల కింది కీబోర్డు పలక మీద చెయ్యి పెట్టుకుని, ఆయన్నే చూస్తూ ఉండేది.

ఒక మధ్యాహ్నం ఆమె నమాజుకు లోపలికి వెళ్లింది. అప్పుడే మెట్లెక్కి అంగట్లోకి వచ్చాడు ఓబులేసు. పులివెందులలో టెంట్ హౌస్ పెడుతున్నాడట, బ్యానరు కావాలట. సగం పరీక్ష పెట్టడానికే వచ్చినట్టు ఉంది ఆయన కూర్చున్న తీరు.

"నా ఫోటో ఈ తూరి యాడ పెడ్తావో చూస్తా దావూదప్పా."

"నువ్వు యాడ చెప్తే ఆడ అన్నా. నా స్క్రీను వేలు మాట వింటాది," అని దావూద్ ఓబులేసు ఫోటో మీద వేలు పెట్టి జరిపాడు.

కదలలేదు.

మళ్లీ పెట్టాడు. గట్టిగా పెట్టాడు. వేలు చొక్కాకు తుడుచుకుని పెట్టాడు. ఓబులేసు మీసం దువ్వుకుంటూ చూస్తున్నాడు. దావూద్ నుదుటి మీద చెమట పోసింది. అన్నా నువ్వు లెయ్యి అనే మాట ఇంకా ఎవరూ అనలేదు, ఆయన చెవుల్లో మాత్రం అప్పుడే మోగుతోంది.

నమాజు ముగించుకుని అఫ్సానా వచ్చింది. చప్పుడు చేయకుండా తన కుర్చీలో కూర్చుంది. ఈసారి దావూద్ వేలు పెట్టగానే ఫోటో ఒక క్షణం ఆగి, మెల్లగా జరిగింది.

దావూద్ వేలు తీసేశాడు. ఫోటో ఇంకా జరుగుతూనే ఉంది. ఆయన చూపు బల్ల కిందికి దిగింది. పలక మీద మౌసు, దాని మీద ఆమె చెయ్యి. ఇన్నాళ్లుగా ఆగి ఆలోచించింది ఎవరో, తన తప్పులన్నీ నోరెత్తకుండా దిద్దింది ఎవరో ఒక్కసారిగా తెలిసొచ్చింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"మంచి స్క్రీనేనప్పా," అన్నాడు ఓబులేసు. "నీ మాట వింటాంది."

ఔనని ఊరుకుంటే సరిపోయేది. అఫ్సానా కూడా ఊరుకొమ్మన్నట్టే చూసింది.

"నా మాట కాదన్నా," అన్నాడు దావూద్. "టచ్చు ఎప్పుడో తీసిపారేసినట్టుంది. జరిపేదంతా ఆమె. నేను ఊరికే పొడుస్తాంటి." అని కుర్చీలోంచి లేచాడు. "ఈడ కూచో అఫ్సానా. నేను టీ తెస్తా."

"యాడికి జీ?" అంది అఫ్సానా. మౌసును పలక మీద నుంచి తీసి పైన, ఆయన ముందర పెట్టింది. "కూచో. ఓబులేసన్న ఫోటో నువ్వే జరుపు. మెత్తగా పట్టు, అది యాడికీ పోదు."

"నాకు రాదు."

"వచ్చేదాకా ఆ అన్న కూచుంటాడు. ఏమన్నా, తొందరుందా?"

ఇంత ధైర్యంగా అడిగితే తొందరుందని చెప్పే మగవాడు లింగాల మండలంలో లేడు. "ఏం తొందర లేదు తల్లీ," అన్నాడు ఓబులేసు.

దావూద్ మౌసు పట్టుకున్నాడు. బాణం మూల మూలకూ పరిగెత్తింది, దారి తప్పింది, తిరిగొచ్చింది. ఫోటో కొంచెం లేచింది, కొంచెం పడింది. ఎవరూ నవ్వలేదు. చాలాసేపటికి బ్యానరులోని ఓబులేసు వెళ్లి తన చోట కూర్చున్నాడు.

"కొంచెం వంకర పోయింది," అన్నాడు దావూద్, భార్య మౌసు తీసుకుంటుందేమోనని చూస్తూ.

"ఆయన మెడే అట్లుంటాది," అంది అఫ్సానా. "పంపు."