కొండయ్య ప్రథమ ఫలం

ఆ శనివారం ఉదయం కొండయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎండ ముదరకముందే పెరడు బాగుచేయడం, స్నానం చేయడం, అన్నం తిని ఒక కునుకు తీయడం. దేవుడు సృష్టి మొత్తం ముగించుకుని విశ్రమించగా, తాను ఒక్క పెరడు ముగించుకుని విశ్రమిస్తే తప్పేముందని అతను అనుకున్నాడు.

భిలాయి ఉక్కు టౌన్‌షిప్‌లో, సెక్టర్ 6లో ఆ మూల క్వార్టరు అతనికి దొరికి ఇంకా వారం కాలేదు. మూల క్వార్టరంటే ఇల్లు అందరిలాంటిదే, పెరడు మాత్రం నాలుగిళ్ళంత. దాని కోసం అతను ప్లాంటులో జుట్టు నెరిసేదాకా సీనియారిటీ కూడబెట్టుకున్నాడు. అంతకుముందు ఉన్న గురునాథరావు రిటైరై, సుపేలా బజారు అవతల సొంత ఇల్లు కట్టుకోవడానికి వెళ్ళిపోయాడు. తర్వాత వానాకాలమంతా క్వార్టరుకు తాళమే. ఆ వానలకు వయ్యారిభామ మొక్కలు నడుమెత్తు లేచి, నీళ్ళ కుళాయిని, బట్టలుతికే బండను, వెనక సందులోకి వెళ్ళే గేటును కూడా మింగేశాయి.

కొండయ్య చిన్న ప్రార్థన చేసుకుని కత్తి పట్టాడు. కొట్టుకుంటూ కొట్టుకుంటూ వెనక మూలకు చేరేసరికి ఉన్నట్టుండి అడవి ఆగిపోయింది. ఎవరో ముగ్గేయడానికి ఊడ్చినట్టు శుభ్రమైన జాగా. మధ్యలో ఒక గుమ్మడి పాదు. పాదుకు ఒకే ఒక్క బూడిద గుమ్మడికాయ, కింద ఎండుగడ్డి పరుపుతో, పురిటి బిడ్డలా పడుకుని ఉంది.

"డోర్కా, ఇలా రా! ఈమధ్య చినుకేమైనా పడిందేటి?"

"ఎక్కడ పడిందండి. దసరాతోనే ఆగిపోయేయి కదా వానలు," అంది అతని భార్య డోర్కాస్, వంటింటి గుమ్మంలోంచి.

"మరి ఈ పాదు కింద నేలెందుకు తడిసుంది?"

"దేవుడు పోసేడేమో."

"దేవుడికి బకెట్టెందుకే?" అన్నాడు కొండయ్య. బురదలో బకెట్టు అడుగు గుండ్రంగా అచ్చు పడి ఉంది.

ఆ మధ్యాహ్నం కునుకు పట్టలేదు. అంతకుముందు భోజనం దగ్గర దొండకాయ వేపుడు రెండోసారి వడ్డించుకున్నప్పుడు కూడా అతని ధ్యాస బకెట్టు మీదే ఉంది. "లేతగా ఉన్నాయే. ఎక్కడ కొన్నావు?" అని మాత్రం అడిగాడు.

"కొనడమేటండి, అవి మన కంచె మీద..."

"కంచె మీంచే!" అన్నాడు కొండయ్య, ముద్ద పైకెత్తి. "నాకూ అదే అనుమానం. కంచె మీంచే దూకి ఉంటాడు."

డోర్కాస్ ఇంకేదో చెప్పబోయి, భర్త కిటికీలోంచి పెరట్లోకి చూస్తుండడంతో మానేసింది.

మర్నాడు చర్చిలో పాస్టరు డేవిడ్‌రాజ్ వచ్చే ఆదివారమే కోత పండుగ అని ప్రకటించాడు. కోత పండుగ రోజున ప్రతి ఇంటివారూ తమ పంటలో మొదటి భాగం దేవుడి సన్నిధికి తెస్తారు. ఆరాధన కాగానే వాటిని వేలం వేస్తారు. తాతల కాలంలో సముద్రం పక్క ఊళ్ళలో మడులున్నప్పటి అలవాటు అది. ఉక్కు ఊళ్ళో మడులెక్కడివి? అందరూ శనివారం సాయంత్రం సుపేలా బజారులో కూరలు కొని, ఆదివారం పొద్దున దేవుడికిచ్చి, మధ్యాహ్నానికి ఒకరివి ఒకరు మళ్ళీ కొనుక్కుని ఇళ్ళకు పోయేవారు. బజారులో కొన్న వంకాయ ప్రథమ ఫలం ఎలా అవుతుందని కొండయ్యకు ఎన్నో ఏళ్ళుగా ఒక సందేహం. కాని పైకి అడగలేదు. ఇప్పుడు అడగవలసిన పనే లేదు.

సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డాడు. "సహోదరులారా, ఈసారి నాది బజారు సరుకు కాదు. నా పెరట్లో కాసిన మొదటి కాయ, మా ఇంట్లో ఎవరూ నోట పెట్టకముందే, ప్రభువు సన్నిధికి తెస్తానని మాటిస్తున్నాను. ఇంత కాయ!" అని చేతులు చాచాడు. కుడిచెయ్యి పక్కనున్నాయన కళ్ళజోడుకు తగిలింది.

"ఆమెన్" అన్నది సంఘం. మాట ఇచ్చేసినట్టే. ఇక ఆ కాయకు ఏదైనా అయితే ఇటు దేవుడి ముందూ అటు సంఘం ముందూ తలెత్తడం కష్టం.

సోమవారం పొద్దున్నే చూస్తే గుమ్మడికాయకు మూడు పసుపు బొట్లు, వాటి మధ్యన కుంకుమ.

"చేతబడి!" అన్నాడు కొండయ్య. "మనం దేవుడికిస్తామన్నామని తెలిసి ఎవరో చేసేరు."

"పసుపు రాస్తే చీమలు పట్టవంటారండి."

"సరే. కుంకుమ రాస్తే ఏటి పట్టవు?"

డోర్కాస్ పని చూసుకోవడానికి లోపలికి పోయింది. కొండయ్య కళ్ళు మాత్రం పక్క క్వార్టరు గోడ మీదికి పోయాయి. ఆ ఇంటి దుర్గాదేవి వారం వారం గడపకు పసుపు రాయడం అతను చూశాడు. ఆమె బట్టలారేయడానికి రాగానే, మామూలు పలకరింపులా ఉండాలని నవ్వుతూ గోడ దగ్గరకు వెళ్ళాడు.

"ఏటమ్మా, మీ ఇంట్లో పసుపు నెలకెంత అవుద్ది?"

"ఎందుకు అన్నయ్య గారూ?"

"ఊరికే. బయట మొక్కలకేమైనా వాడతారా, ఇంట్లోకేనా?"

దుర్గాదేవి పుట్టింది భిలాయిలోనే. పసుపు రేటు అడిగినవాళ్ళను చూసింది కాని, వాడకం అడిగినవాళ్ళను చూడలేదు. "మా ఆయన డ్యూటీ నుంచి రానీండి, పూఛ్‌కే, అదే అడిగి చెప్తాను," అని తడిబట్టలు బకెట్టులోనే వదిలేసి లోపలికి పోయి గడియ పెట్టుకుంది. గడియ చప్పుడు కొండయ్యకు నేరం ఒప్పుకున్నట్టే వినిపించింది. ఆ బకెట్టు అడుగు కూడా గుండ్రంగానే ఉంది.

లోపల దుర్గాదేవి తన పాత పొరుగు గున్నమ్మకు ఫోను చేసింది. గున్నమ్మ అంటే ఆ క్వార్టరు వదిలివెళ్ళిన గురునాథరావు భార్య. "ఆంటీ, మీ ఇంట్లోకి వచ్చినాయన బడా అజీబ్ మనిషి. మొక్కలన్నీ నరికేస్తున్నాడు. ఆ వెనక మూలలో తిరుగుతూ దేన్నో కాపలా కాస్తున్నాడు. గొయ్యి తీసి ఏదో దాచేడేమో అని మా అనుమానం."

"ఎనక మూలలోనా?" అంది గున్నమ్మ. వెంటనే ఫోను పెట్టేసింది.

మంగళవారమంతా కొండయ్య కాయ పక్కనే కుర్చీ వేసుకుని బైబిలు చదువుకున్నాడు. ఎవరూ రాలేదు. అది అనుమానాన్ని పెంచింది తప్ప తగ్గించలేదు. మధ్యాహ్నం దొండకాయ వేపుడు అక్కడికే తెప్పించుకుని తిన్నాడు. అసలు చిక్కు బుధవారంతో వచ్చింది. ఆ రోజు నుంచి అతనికి నైట్ షిఫ్టు. తను డ్యూటీకి పోతే కాయకు దిక్కెవరు? దేవదూతను కాపలా పెట్టమని అడుగుదామనుకున్నాడు. కాని ఒక గుమ్మడికాయ కోసం దేవదూతను అడగడం మర్యాదేనా అని సందేహం వచ్చి, తన పాత ప్లాంటు జాకెట్టు తీశాడు. దాన్ని కాయకు తొడిగి గుండీలు పెట్టి, చేతుల్లో గడ్డి కూరి, పైన తన పాత హెల్మెట్ బోర్లించాడు. దూరం నుంచి చూస్తే అచ్చం తాను మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేస్తున్నట్టే ఉంది. తృప్తిగా స్కూటరెక్కాడు.

తెల్లారేలోపు గాలేసి ఆ ప్రార్థన చేస్తున్న మనిషి బోర్లా పడిపోయాడు.

గురువారం ఉదయం కొండయ్య డ్యూటీ దిగి వస్తుంటే తమ సందులో జనం కనిపించారు. వెనక గేటు దగ్గర టౌన్‌షిప్ సెక్యూరిటీ జీపు ఆగి ఉంది. డోర్కాస్ తెల్లవారుజాము ప్రార్థనకని సంఘంలోని జ్ఞానప్రసూన గారింటికి పోయింది కాబట్టి ఆమెకేమీ కాలేదని ధైర్యం తెచ్చుకుని, స్కూటరు ఆపి గుంపు చివర నిలబడ్డాడు.

"క్యా హువా భయ్యా?" అని ముందున్న మనిషిని అడిగాడు.

"ఎవరో తెలుగాయనంట. పెరట్లో పడిపోయేడు. ఖతమ్."

"అయ్యో! ఎవరైనా నాడి చూశారా?"

"ముట్టుకుంటే కేసవుద్దని ఎవరూ ముట్టుకోలేదు."

కొండయ్యకు మనసు కరిగిపోయింది. తల మీది టోపీ తీసి, కళ్ళు మూసుకుని, ఆ ముక్కూ మొహం తెలియని ఆత్మ కోసం ప్రార్థన మొదలుపెట్టాడు. సగంలో అతని చెవికి దుర్గాదేవి గొంతు వినపడింది.

"మొన్ననే నాకు షక్, అనుమానం వచ్చింది సాబ్. పసుపు ఎంత వాడతారని అడిగేడు. దిమాగ్ సరిగ్గా లేదు పాపం. మంచోడే. కొండయ్య గారని."

కొండయ్య కళ్ళు తెరిచాడు. అంతవరకు చేసిన ప్రార్థనను ఏం చేయాలో అతనికి తోచలేదు. జనాన్ని తోసుకుంటూ ముందుకెళ్ళి, "కొండయ్య నేనే," అన్నాడు.

సెక్యూరిటీ ఆయన అతన్ని పైనుంచి కిందికి చూశాడు. "కార్డ్ దిఖావో."

గేట్‌పాసు చూపించాడు. ఆయన దాన్ని చూశాడు, కొండయ్యను చూశాడు, గడ్డిలో హెల్మెట్ మీద తెల్లగా రాసి ఉన్న పేరును చూశాడు. "ఆప్ కొండయ్యా, తో వో కౌన్ హై?" అన్నాడు, మరి ఆ పడి ఉన్నదెవరన్నట్టు లాఠీ చూపిస్తూ.

"అది... కద్దూ, సాబ్," అన్నాడు కొండయ్య.

ఎవరూ నవ్వలేదు. ఆయన అనుమానంగా లాఠీ కొనతో గుండీ ఊడదీశాడు. లోపల బొట్టు పెట్టుకుని గుమ్మడికాయ క్షేమంగా ఉంది. అప్పుడు నవ్వు గోడలు దాటింది.

ఆ నవ్వులో ఒక్క మనిషి మాత్రం ఏడుస్తోంది. చేతిలో బకెట్టుతో ఒక పెద్దావిడ వెనక గేటుకు ఆనుకుని కూలబడి ఉంది. మొదట కేక పెట్టింది ఆవిడే.

"నాను గున్నమ్మను బావూ. పెతి పొద్దూ సీకటుండగానే నీల్లు పోసి ఎల్తన్నది నానే, బొట్లెట్టిందీ నానే. ఈ ఇత్తనం మాయమ్మ ఇచ్చింది. ఈ ఇంట్లో నా పిల్లలు పెరిగేరు. ఈ నేలలో కాసిన కాయే కొత్తింటి గుమ్మానికి కడతానని మొక్కుకున్నాను. సోమారం గృహపెవేశం. మాయన, తాళాలిచ్చీసేక ఆకు కూడా మనది కాదు, అడగొద్దన్నాడు. నువ్వేమో అన్నీ నరికేత్తన్నావు, ఇదీ కోసీసి అమ్మీసుకుంతావని నా బయ్యం."

"నేనమ్ముకుంటానా?" అన్నాడు కొండయ్య, దెబ్బతిన్నట్టు. "ఇది దేవుడికిస్తానని సంఘంలో మాటిచ్చిన కాయమ్మా! నా పెరట్లో కాసింది."

"మొక్క నాది బావూ."

"నేల నాది కదమ్మా."

"నేల కంపెనీది," అన్నాడు సెక్యూరిటీ ఆయన. ఆయనకు ఆ మాత్రం తెలుగు అర్థమవుతుంది.

ప్రార్థన నుంచి వచ్చి ఇదంతా గుమ్మంలో నిలబడి వింటున్న డోర్కాస్ ముందు గున్నమ్మను లేపి లోపలికి తీసుకెళ్ళి టీ ఇచ్చింది. తర్వాత భర్త వైపు తిరిగింది. "ఆదివారం మీరు దేవుడికిచ్చీండి. మీ మాట తీరిపోద్ది. వేలంలో పిన్నిగారు పాడుకుంటారు. సోమవారం గుమ్మానికి కట్టుకుంటారు. ఇందులో ఇంత జాకెట్టెందుకండి?"

అలాగే జరిగింది. ఆదివారం గున్నమ్మ పట్టుచీర కట్టుకుని చర్చిలో చివరి బెంచీ మీద, కాయ మీంచి చూపు తిప్పకుండా కూర్చుంది. పసుపు బొట్లు డోర్కాస్ తుడవలేదు. పాస్టరు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. వేలం మొదలవగానే గున్నమ్మ చెయ్యెత్తింది. ఇంకెవరైనా ఎత్తుతారేమోనని డోర్కాస్ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ ఎత్తలేదు.

కాయను గున్నమ్మ చేతుల్లో పెడుతూ పాస్టరు డేవిడ్‌రాజ్ గొంతు పెంచాడు. "మన కొండయ్య గారి నమ్మకత్వం చూడండి. తన తోటలో కాసిన మొట్టమొదటి కాయ, తాను రుచి చూడకుండా తెచ్చారు!"

కొండయ్య వినయంగా తల దించుకున్నాడు.

"మొట్టమొదటిదేటి బావూ?" అంది గున్నమ్మ అమాయకంగా, అందరికీ వినపడేలా. "వొంటింటి పక్క కంచి మీద నా దొండపాదు కాయడం నేదేటి? దసరా ఎల్లిన కాడ్నించి విరగ కాస్తాది కదా!"

అందరి కళ్ళూ కొండయ్య మీదికి మళ్ళాయి. కొండయ్య మెల్లగా తల తిప్పి భార్యను చూశాడు. డోర్కాస్ పాటల పుస్తకంలో ఏదో పాట వెతుక్కుంటోంది. "ఆ రోజే చెప్పబోయేనండి," అంది పెదవులు కదలకుండా. "మీరు దొంగ కంచె దూకేడన్నారు."

ఆ మధ్యాహ్నం కూడా దొండకాయ వేపుడు బాగానే కుదిరింది. కొండయ్య భోజనానికి ముందు ప్రార్థన కాస్త పొడుగ్గా చేసి, రెండోసారి వడ్డించుకున్నాడు.