కార్డు చల్లబడ్డ కేసు

"నేరం ఎంత లోతులో దాక్కున్నా నా కుడికంటికి చిక్కి తీరుతుంది," అని గుమ్మంలోనే ప్రకటించి, గడియారాలు బాగుచేసే భూతద్దాన్ని ఆ కంటికే బిగించుకుని, అన్నయ్య లోపలికి అడుగేశాడు. గడప మాత్రం ఆ కంటికి చిక్కలేదు. బొటనవేలికి చిక్కింది.

చెల్లెలు నిట్టూర్చింది. ఆవిడ పగలంతా బట్టలు కుడుతుంది, పని అయ్యాక కంప్యూటర్లో కారు పందేలు ఆడుతుంది. ఆ రోజు ఐదింటికి ఎంపిక పోటీ. నెగ్గితే మూడేళ్లుగా కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తున్న జట్టులో చోటు. అందుకే కంప్యూటర్లో తెర మీద బొమ్మలు గీసే కొత్త గ్రాఫిక్స్ కార్డు వేయించింది. అయినా బొమ్మ నత్తినత్తిగా కదులుతోంది. టైము నాలుగున్నర.

"కార్డు మార్చేశారు. ముఠా పని," అన్నాడు అన్నయ్య.

"షాపాయన నా కళ్ళముందే బిగించాడు."

"అయితే ఆయనే ముఠా."

"ఒక్కడే కదన్నయ్యా."

"ఒంటరి ముఠాలే మరీ ప్రమాదం."

కంప్యూటరు పెట్టె మూత తీయించి కార్డు మీద చెయ్యి ఆనించాడు. "ఒళ్ళు చల్లబడింది. ప్రాణం పోయి గంటయింది."

"ఫ్యాను తిరుగుతోందిగా?"

"అది మనల్ని నమ్మించడానికి."

ఇక తెరనే నిలదీస్తానని కుర్చీలో కూలబడ్డాడు. ఆట తాలూకు మార్పులు చేర్పుల పేజీ తెరిచి ఉంది. 'ప్రేక్షకులు' అన్న వరస మీద భూతద్దం పెట్టి వంగేసరికి, మోచెయ్యి ఎడమ బాణం మీట మీద వాలింది. అలాగే ఉండిపోయింది.

"లే అన్నయ్యా, టైము లేదు," అని చెల్లెలు ఆట మొదలుపెట్టింది. కారు నూనె రాసినట్టు జారిపోయింది. చూస్తే రోడ్డు పక్కన గ్యాలరీల్లో పురుగు కూడా లేదు.

అప్పుడు తట్టింది ఆవిడకి. అన్నయ్య మోచెయ్యి ప్రేక్షకుల సంఖ్యని సున్నాకి దించేసింది. అన్ని వేలమందినీ లేపి, కూర్చోబెట్టి, చప్పట్లు కొట్టించేది కంప్యూటర్లో లెక్కలన్నీ కట్టే ప్రాసెసరు. అది పాతది, ఆ లెక్కలకే సరిపోయింది. గుడ్డ కత్తిరించే చెయ్యి నిదానమైతే మిషను ఎంత కొత్తదైనా ఖాళీగా కూర్చోవాల్సిందే. కార్డు చల్లబడింది చచ్చి కాదు, పనిలేక.

ఐదుంబావుకల్లా జట్టువాళ్ళ కబురు వచ్చింది, రేపట్నుంచి ఆడమని.

అన్నయ్య ఖాళీ గ్యాలరీల వంక చూసి మీసం సవరించుకున్నాడు. "చూశావా, నేనిలా కూర్చున్నానో లేదో, ముఠా మొత్తం పరారీ. వెంటాడమంటావా?"

"వద్దు," అంది చెల్లెలు, కీబోర్డుని మెల్లగా తన ఒళ్ళోకి లాక్కుంటూ. "వాళ్ళని నువ్వు పట్టుకొచ్చావంటే రేపు నేను ఓడిపోతాను."